వేళ్లకు గాలి ఆడాలని

ఎండలో తెల్లటి ధూళి. లేస్తుంది, నిలుస్తుంది, ఎంతకీ నేలకు దిగదు...

వికారాబాదులో, మనోరమ దొరసాని పెరట్లో, బీరన్న రాయి దంచుతున్నాడు. గోడవారన కూర్చుని భార్య దేవమ్మ చూస్తోంది.

రాయి ఒక చింతచెట్టు కోసం.

జానెడు చెట్టు. పింగాణీ పళ్లెంలో చెట్టు. ఎదగకుండా పెంచే చెట్టు.

మట్టికి బదులు పళ్లెంలో మొదట తాండూరు నాపరాయి ముక్కలు వేశారు. ఆ రాతిలో సున్నం. ఆకులు పసుపెక్కాయి. అప్పుడు పరిగి దారిలోని గుట్ట నుంచి బీరన్న గ్రానైట్ రాయి మోసుకొచ్చాడు. జొన్నగింజంత పలుకు కావాలి. పిండి రవ్వంత మిగలకూడదు.

"దుమ్ముంటే చెట్టు వేళ్లకు గాలి ఆడదు బీరన్నా, మంచిగ జల్లించు," అంది దొరసాని, ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని.

"పొడిగుంటెనే జల్లెడ దిగుతది, దొరసానీ."

దుమ్ముతో తెల్లబడ్డ మొగుడి మీసం చూసి దేవమ్మ కిసుక్కున నవ్వింది. "మీసం నెరిసింది, ఇంక నీకు పిల్లనెవరిస్తరయ్యా?"

అప్పటికది ఉత్త ధూళే...

ఏడాదికేడాది, ఒక చెట్టు పెరడు నిండా చెట్లయింది. బీరన్నకు దగ్గు పట్టుకుంది. పందొమ్మిది వందల అరవై ఒకటి వానాకాలంలో, కొండమీది దవాఖానలో, పడుకోలేక, కూర్చునే, గాలిని బతిమాలుతూ — పోయాడు.

"రాతిపిండి ఊపిరితిత్తుల్ల పేరుకున్నది," అన్నాడు డాక్టరు. "తడిపి దంచాల్సింది. గంతే."

గంతే.

కడవెడు నీళ్లు.

చెట్టు ఊపిరి గురించి అంత యోచన చేసిన ఇల్లది. దొరసాని కొంగుకు తెలుసు. నోటికి రాలేదు.

చలికాలంలో దొరసాని ఇంటి నుంచి మళ్లీ కబురొచ్చింది — ఈసారి బీరన్న కూతురు రాధమ్మకు. చెలకలో పని చేసి తిరిగొచ్చిన దేవమ్మ విని పరుగెత్తింది. పెరట్లో బిడ్డ జల్లెడ పడుతోంది. రెప్పలు తెల్లగా. పెదవులు తెల్లగా.

దేవమ్మ బావిలో నీళ్లు చేదింది. కడవ తెచ్చి రాతిమీద కుమ్మరించింది. కొంగు చింపి, తడిపి, బిడ్డ ముక్కుకు కట్టింది.

"అయ్యో, తడిస్తే జల్లెడకు అంటుకుంటది దేవమ్మా! ఎప్పుడైతది?"

"ఐనప్పుడే ఐతది. తొందరుంటే మీరు జల్లించుకోండ్రి, దొరసానీ."

తడిగుడ్డలోంచి రాధమ్మ అడిగింది: "అమ్మా, నాయినకు గిట్ల తడపమని ఎవ్వరు చెప్పలేదానే?"

దేవమ్మ మళ్లీ నీళ్లు చేదింది. ఇంకో కడవ కుమ్మరించింది.

ధూళి బరువెక్కింది. లేవలేదు. బూడిదరంగు నీళ్లై, మెల్లగా, దొరసాని పాదాల దాకా పారింది...