ఐదో నంబరు సీసా

"గడ్డ ఒక్కటే తీసెయ్యండి డాక్టరమ్మా. మిగతావాటి జోలికి పోవద్దు," అన్నాడు తమ్ముడు, కుర్చీ అంచున కూర్చుని.

కూరగాయల మార్కెట్లో వేలం వెయ్యడం అతని పని. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతు మీదే బతుకు. మార్కెట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'కంచు' అంటారు.

"గడ్డ చిన్నదే, తొలిదశే," అంది సర్జన్. "ఎడమ ఊపిరితిత్తి పైభాగం తీసేస్తాం. కానీ చుట్టూ చిక్కుడు గింజల్లాంటి గ్రంథులుంటాయి, లింఫు గ్రంథులు. క్యాన్సర్ పాకితే ముందు వాటిలోకే. అవి కూడా తీసి పరీక్షకి పంపాలి."

"స్కాన్‌లో శుభ్రంగా ఉన్నాయన్నారుగా?"

"నూకంత ముక్క స్కాన్‌కి ఆనదు. ఒక్క మాట దాచను. కొన్ని గ్రంథులు గొంతుకి వెళ్లే నరం పక్కనే ఉంటాయి. నరం నలిగితే గొంతు బొంగురుపోతుంది. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు."

"ఆ కొందరిలో నేనుంటే? మూగవాడి చేత ఎవడు వేలం వేయిస్తాడు?"

పక్కన అక్క కూర్చుని ఉంది. టైలర్ షాపు నడుపుతుంది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే.

"ఒరేయ్, గొంతు మిగిలి నువ్వు మిగలకపోతే ఆ గొంతు నేనేం చేసుకోను?"

వాడు ఆవిడ వంక గుర్రుగా చూసి, పెన్ను లాక్కుని ఒప్పుకోలు కాగితం మీద సంతకం గీకాడు.

ఆపరేషన్‌కి మూడు గంటలన్నారు. నాలుగో గంట కూడా దాటింది. తలుపు తెరుచుకుంటే అక్క గభాల్న లేచింది. నర్సు ట్రేలో సీసాలు తీసుకెళ్తోంది. ఒక్కోదాని మీదా ఒక నంబరు. మొత్తం ఏడు.

"అన్నీ మావాడివేనా అమ్మా?"

"అవునండీ, ల్యాబ్‌కి."

ఏడు సీసాల సరుకు వాడి ఛాతీలోంచి తీశారా! అక్క మళ్లీ కూలబడింది. వేళ్లు ఊరుకోక చేతిసంచి కుట్టు జానెడు ఊడదీసేశాయి.

చివరికి సర్జన్ వచ్చింది. "బాగానే జరిగింది. గ్రంథులుండే చోట్లకి నంబర్లుంటాయి, సీసాల మీద వేసేవి అవే; ఐదో నంబరు చోట ఒక గ్రంథి నరాన్ని ఆనుకుని ఉంది. విడదీయడానికే గంట పట్టింది. నరం తెగలేదు, కానీ బాగా నలిగింది."

మర్నాడు తమ్ముడు నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. చిరిగిన గుడ్డ లాగినట్టు ఏదో బరబరలాడింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఐదు రోజులు అక్క ముఖం చూడలేదు. మంచినీళ్లు కావాలన్నా నర్సుకే సైగ చేసేవాడు. నేనే కదా వాణ్ణి తోశాను, అని ఆవిడ లోలోపల కుమిలిపోయింది. అయినా పొద్దున్నే ఫ్లాస్కుతో వచ్చి, పలకరింపు లేని ఆ మంచం పక్కనే కూర్చునేది.

ఆరో రోజు రిపోర్టు వచ్చింది.

"పద్నాలుగు గ్రంథులు తీశాం," అంది సర్జన్. "పదమూడు శుభ్రం. ఐదో నంబరు సీసాలోని దాంట్లో క్యాన్సర్ ఉంది."

అక్క మంచం కమ్మీ పట్టుకుంది.

"స్కాన్‌కి కనపడనిది. వదిలేసి ఉంటే తొలిదశే అనుకుని ఇంటికి పంపేసేవాళ్లం. దశ మారింది కాబట్టి మందు ఎక్కించాలి. నాలుగు విడతలు."

"నయ...మవుతుందా?" తమ్ముడి గొంతు గుసగుసలాడింది.

"మాట ఇవ్వలేను. కానీ దొంగ ఎక్కడున్నాడో తెలిసింది కదా, వెతుకులాట తప్పింది."

సర్జన్ వెళ్లిపోయింది. వాడు అక్కవైపు తిరిగాడు.

"భయమేస్తోంది, అక్కా."

"నాకూ వేస్తోందిరా," అంది ఆవిడ. ఏం చెయ్యాలో తోచక దుప్పటి సర్దింది.

మందు వాణ్ణి పీల్చి పిప్పి చేసింది. జుట్టు రాలింది, అన్నం సయించలేదు. మూడో విడత వద్దని మొండికేస్తే, అక్క షాపుకి తాళం వేసి వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. గొంతు నాలుగో నెలలో సగం తిరిగొచ్చింది, ఆ సగం దగ్గరే ఆగిపోయింది. వేలం ఇప్పుడు ఇంకొకరు వేస్తున్నారు. వీడు పొద్దున్నే లారీల సరుకు చూసి రకాలు విడదీస్తాడు.

ఆర్నెల్లకోసారి స్కాన్. ఆ వారం ఇద్దరికీ ముద్ద దిగదు. మొన్న మూడోది కూడా శుభ్రంగా వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మెట్ల మీద ఆయాసంతో ఆగి, "పద, ఆకలేస్తోంది," అన్నాడు.