తెల్లపిండి పాదం

దగ్గరికి జరుగు బిడ్డా, చెవి ఇటు పెట్టు. ఇది గట్టిగా చెప్పుకునే మాట కాదు.

నల్గొండకు పొద్దుపొడుపు దిక్కున ఒక ఊళ్లో గొల్ల బీరమ్మ ఉండేది. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు, పేరు పర్వతాలు. ఒక ఏడు రోగమొచ్చి మందలో సగం గొర్లు పోయాయి. అదే ఏడు, నాట్లు పడే రోజుల్లో, సాలె వెంకటరాజం ఇంట్లో దొంగలు పడ్డారు. నేత సంఘానికి ఇవ్వాల్సిన చీరల మూట పోయింది.

తెల్లవారుతుండగా ఆ ఇంటికి పాలు పోయడానికి వచ్చిన బీరమ్మకే గోడ కింద బురదలో అడుగు కనబడింది. ఒకటే అడుగు, ఉత్త కాలిది. దొంగ అడుగు దొరికితే పోలీసులు వచ్చేదాకా గంప బోర్లించి కాపాడటం మన దిక్కు పద్ధతి. మసక వెలుతురులో ఆమె సరిగా చూడనైనా లేదు.

"ఎవ్వలు తొక్కకుండ్రి!" అని అరిచి, గంప తెచ్చి తానే బోర్లించింది. కోళ్లను అదిలిస్తూ అక్కడే కూర్చుంది.

"నీ పిల్లల నోరు కొట్టినోడు దొరకాలె తమ్మీ," అంది వెంకటరాజంతో.

ఎండెక్కాక ఠాణా నుంచి పోలీసు అమీన్ సాబ్ వచ్చాడు. "శబాష్ అవ్వా! మా జవాన్లకన్న నువ్వే నయం," అంటూ గంప ఎత్తాడు.

బీరమ్మ వంగి చూసింది. బొటనవేలి మీదికి ఎక్కిన పక్కవేలు. కొడుకు పసితనంలో ఆ రెండు వేళ్లకూ ఆముదం రాసి, నడుమ గుడ్డపేలిక పెట్టి కట్టింది ఆమే. పర్వతాలు గడప దాటితే కిర్రుచెప్పులు విడిచేవాడు కాదు, కనుక ఆ వేలి సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. నడిస్తే చప్పుడవుతాయని రాత్రి వాటిని విడిచి వచ్చాడన్నమాట.

అమీన్ అడుగు చుట్టూ రేకు నిలబెట్టాడు. పడిన గడ్డిపోచలను ముల్లుతో ఏరేశాడు. సంచిలోంచి, నీళ్లు కలిపితే రాయిలా గట్టిపడే తెల్లపిండి తీశాడు.

"ఏంది సాబూ, దొంగకు దోశెలు పోస్తవా?" అన్నాడు చాకలి అంజన్న. అందరూ నవ్వారు.

"దోశె కాదురా, అచ్చు. గిది గట్టిపడ్డంక ఊళ్లె మొగోళ్లందరి కాళ్లు పోల్చి చూస్త. అవ్వా, జర నీళ్లు పొయ్యి."

బీరమ్మ కావాలనే గుమ్మరించింది. పలుచనైతే గట్టిపడదేమోనని ఆశ.

"మజ్జిగ చేస్తున్నవా తల్లీ?" అంటూ అమీన్ ఇంకింత పిండి కలిపాడు. మడమ వైపు నుంచి గరిటెతో మెల్లగా పోశాడు. నడుమ వెదురుపుల్లలు పరిచి, పైన మళ్లీ పోశాడు.

"చెయ్యి పెట్టి చూడు అవ్వా, కాలుతది. కాలి చల్లారిందంటె అయిపోయినట్టే."

చెయ్యి పెట్టింది. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లులా ఉంది. కొడుకు మందతో గుట్టల్లో ఉన్నాడు. తాను లేచి పరుగెత్తితే ఊరంతా చూస్తుంది. ఏ దేవుణ్ణి మొక్కాలో కూడా తోచలేదు. ఆ వేడి ఆమె చేతికిందే చల్లారింది.

అమీన్ అచ్చును పెల్లగించి తీశాడు. కింద అడుగు చెదిరిపోయింది, ఇక మిగిలిన గుర్తు ఆ అచ్చొక్కటే. "మట్టి కడిగి తే అవ్వా," అని చేతికిచ్చి, బీడీ ముట్టించుకుంటూ అటు తిరిగాడు.

కుడితి తొట్టి దగ్గర నల్లటి బండ. జారవిడిస్తే చాలు, ముక్కలు. ఆమెకు తెలుసు. విడుద్దామనే వెళ్లింది. నీళ్లు పోస్తుంటే మడమ తేలింది, పగుళ్లు తేలాయి, ఆ తర్వాత వేలు మీద వేలు. తెల్లగా, నిండుగా, కొడుకు పాదం.

"ఇడువవే, ఇడువు," అనుకుంది. వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

"ఇయ్యి అవ్వా, ఇయ్యి," అంటూ అమీనే వచ్చి ఒక్కొక్క వేలూ విప్పి తీసుకోవాల్సి వచ్చింది.

సందెవేళ మంద తోలుకొచ్చిన పర్వతాలును చెప్పులు విప్పమన్నారు. వాడు తల్లి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

బీరమ్మ కొడుకును పట్టిచ్చిందని ఊళ్లో ఇప్పటికీ అంటారు. నువ్వు గుర్తు పెట్టుకో బిడ్డా, రేపు నీ పిల్లలకు చెప్పు. గంప సంగతి దాచకు, వెంకటరాజం పిల్లలు పస్తులున్న సంగతీ దాచకు. కానీ ఆమె ఆ బండ దగ్గర నిలబడిన సంగతి మాత్రం విడిచిపెట్టకుండా చెప్పు.