ఎడమ చేతి కొలత

భోజనాల బల్ల ఖాళీ లేదు కాబట్టి ఆ ఆదివారం అందరూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. మార్లిస్ చర్చి నుంచి రాగానే కోటయినా విప్పకుండా మాంసం కోసి, బంగాళాదుంపలు మెదిపి, ఎవరి పళ్ళెం వాళ్ళకి అందించింది. బల్ల నిండా ఆమెకి రాబోతున్న బహుమతి ముక్కలుగా పరిచి ఉంది. రైఫిల్ గొట్టం, స్ప్రింగులు, నూనె సీసా. వాటి కింద పరిచింది ఆమె మంచి దుప్పటి. అడక్కుండానే తీశారు. ఆ నూనె మరకలు వదిలించాల్సింది ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.

"మా ఆవిడ కోసమే ఇదంతా," అని డెల్విన్ నెల రోజులుగా కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నాడు. దాణా కొట్లో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు. విన్నవాళ్ళందరూ మార్లిస్ వైపు తిరిగి, అదృష్టవంతురాలివమ్మా అన్నారు. ఆమె నవ్వింది. నవ్వకపోతే ఏమనుకుంటారో ఆమెకి తెలుసు.

నిజానికి రైఫిల్ అవసరం ఆమెకి వచ్చి పందొమ్మిదేళ్ళయింది. వయోమింగ్‌లో మార్చి వచ్చిందంటే గొర్రెలు ఈనడం మొదలవుతుంది, ఆ వాసనకి కయోటీలు కంచె దాకా వస్తాయి. ఆ నక్కలకి తెల్లవారుజాము మహా ఇష్టం. నాలుగింటికి లేచి దొడ్లోకి వెళ్ళేది మార్లిస్. అడ్డం తిరిగిన పిల్లని మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగేదీ ఆమే. ఆరున్నరకి బడి బస్సు తోలడానికి వెళ్ళేదీ ఆమే. డెల్విన్ నిద్ర పల్చన, మధ్యలో లేస్తే మళ్ళీ పట్టదు అని అత్తగారు ఆర్డిత్ పెళ్ళయిన మొదటి ఏడే చెప్పింది. మార్లిస్ నిద్ర చిక్కనో పల్చనో ఇంతవరకూ ఎవరూ వాకబు చెయ్యలేదు.

ఇన్నాళ్ళూ ఆమె మోసింది డెల్విన్ రైఫిలే. దాని ముందు గొట్టం చుట్టూ తొడుగు ఒకటి ఉంటుంది, హ్యాండ్‌గార్డ్ అంటారు. కాల్చేటప్పుడు ఎడమ చెయ్యి పట్టుకునేది అక్కడే. అది ఆమె పిడికిట్లో సగమే ఇముడుతుంది. కిందటేడు ఒక ఉదయం కయోటీ ముప్పై గజాల్లో నిలబడింది. అప్పుడే పిల్లని లాగిన చేతులు జిగటగా ఉన్నాయి. తొడుగు జారింది, ముందు భాగం బరువుకి వంగింది, గుండు మట్టిలో దిగింది. కయోటీ తీరిగ్గా పిల్లని కరుచుకుని పోయింది. ఆ తల్లి గొర్రె మూడు రోజులు అరిచింది. "ఆడవాళ్ళ గురి," అన్నాడు మరిది బాయిడ్. డెల్విన్ నవ్వాడు. పెద్దగా ఏం కాదు, కొంచెమే. ఆ కొంచెం నవ్వు ఆమెకి ఇప్పటికీ మండుతూనే ఉంది.

అందుకే, నీకో తుపాకీ కట్టిస్తాం అని అన్నదమ్ములిద్దరూ ప్రకటించినప్పుడు ఆమె నిజంగానే సంతోషించింది. గొట్టం వాళ్ళే ఎంచారు, భుజానికి ఆనించే వెనక దిమ్మె వాళ్ళే ఎంచారు, గురి చూసే దూరదర్శినీ వాళ్ళే. పోనీ అనుకుంది. చివరికి డెల్విన్ ధర్మప్రభువులా, "హ్యాండ్‌గార్డ్ మాత్రం నువ్వు ఎంచుకో. నీ ఇష్టం," అన్నాడు.

ఆ ఒక్క ముక్క కోసం ఆమె పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. గుడ్డ చుట్టలోని అట్ట గొట్టం, కాగితపు రుమాళ్ళ గొట్టం, చీపురు కర్రకి చుట్టిన పాత సాక్సు, అన్నీ తెచ్చి చూసింది. చేతులకి ఉన్ని గ్లోవ్స్ వేసుకుని ఒక్కోటీ భుజానికెత్తి, బొటనవేలు ఎక్కడ పడుతుందో అక్కడ టేపు అంటించింది. సన్నగా ఉండాలి, వేళ్ళు చుట్టూ రావాలి. పొడుగ్గా ఉండాలి, చెయ్యి చాచి పట్టుకుంటే కాలిన గొట్టం తగలకూడదు. తేలిగ్గా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పైన రంపపు పళ్ళు ఉండకూడదు. లైట్లూ పిడులూ బిగించుకోవడానికి కొన్నిటికి నాలుగు వైపులా పళ్ళ పట్టాలు ఉంటాయి, అవి తడి ఉన్నిని పట్టుకుంటే వదలవు. గుండ్రంగా, పైన సన్న గరుకుతో ఉన్నది ఒకటి కేటలాగులో కనిపించింది. పేజీ మడిచి, పెన్సిలుతో సున్నా చుట్టి డెల్విన్‌కి ఇచ్చింది.

తుపాకుల కొట్టుకి వెళ్ళినప్పుడు గల్లా వెనకతను ఆమె ప్రశ్న విని జవాబు డెల్విన్‌కి చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ డెల్విన్‌కే చెప్పాడు. మూడోసారి ఆమెకే నేరుగా చూపించాడు కానీ, గులాబీ రంగుది చూపించాడు. బస్సులో నలభై మంది పిల్లల్ని గడ్డకట్టిన కొండ దారిలో దించుకొచ్చే మనిషి ఆ గులాబీ తొడుగుకి థాంక్స్ చెప్పి బయటికి నడిచింది. ఇంటికొచ్చాక గంటసేపు తన మీద తనకే కోపం.

ఇప్పుడు బాయిడ్ బల్ల మీద బిగిస్తున్నది ఆ గుండ్రటిది కాదు. మార్లిస్ గిన్నెలు తోముతూ వెనక్కి తిరిగి చూసేసరికి పని అయిపోయింది. లావుగా, పొట్టిగా, నాలుగు వైపులా పళ్ళతో. కింద పిడి, పక్కన లైటు.

"నేను సున్నా చుట్టింది ఇది కాదు," అంది.

డెల్విన్ ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఆమె ఎంచింది మరీ సన్నమట, దానికి ఏదీ తగిలించడం కుదరదట, బాయిడ్ కూడా అదే అన్నాడట. నాలుగు రోజులు పట్టుకుంటే అలవాటైపోతుందట. ఆ అలవాటు మాట ఆమె పికప్ ట్రక్కు సీటు గురించి విన్నది, వంటింటి గట్టు ఎత్తు గురించి విన్నది. ఆ సీటు మీద దిండు వేసుకుని పందొమ్మిదేళ్ళు తోలింది, అలవాటు కాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదిన చందమే.

"విప్పి మార్చండి," అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

బాయిడ్ తల గోక్కున్నాడు. "మారదు వదినా. మరల్లో జిగురు వేసేశా. నీలం రంగు జిగురు వేస్తే రెంచీకి ఊడేది. చేతికి ఎర్రది దొరికింది. అది కాలిస్తే గానీ వదలదు, కాలిస్తే గొట్టం పోతుంది."

"ఏ రంగైతేనేం లేవే," అంది ఆర్డిత్ కుర్చీలోంచి. "మొగుడు ఇంత ముచ్చటపడి చేసిస్తే వంకలు పెట్టకూడదు. మీ మామగారు నాకు ఒక చాకయినా కొనివ్వలేదు."

ఆ మాటలో పాత దుఃఖం ఏదో వినిపించి మార్లిస్‌కి ఒక్క క్షణం అత్తగారి మీద జాలి వేసింది. ఆ జాలి వల్లే ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది కాబోలు అని కూడా అనిపించింది.

అందరూ పెరట్లోకి నడిచారు. కంచె అవతల డబ్బా పెట్టి, డెల్విన్ రైఫిల్ ఆమె చేతిలో పెట్టాడు. ఎత్తింది. పిడికిలి సగం దగ్గరే ఆగిపోయింది. పళ్ళు ఆమె వేసుకున్న ఉన్ని గ్లోవ్ దారాన్ని పట్టుకున్నాయి. లైటు బరువుకి ముందు భాగం నేల చూపు చూసింది. పక్కన ముగ్గురూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు, కృతజ్ఞత ఎప్పుడు పుడుతుందా అని.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ చాకిరీ ఒకరిది, కొలత ఇంకొకరిది. ఆమె కాల్చలేదు. దాన్ని దించి మొగుడికి అందించింది.

"ఓసారి నువ్వు పట్టుకో."

డెల్విన్ భుజానికెత్తాడు. ఎడమ చెయ్యి వెళ్ళి తొడుగు చుట్టూ ఇమిడిపోయింది. ఒకే దెబ్బకి డబ్బా ఎగిరిపడింది. తిరిగి చూశాడు, ముఖం వెలిగిపోతోంది. "అబ్బ, అచ్చం నా కోసం చేసినట్టుంది," అన్నాడు. అనేశాక కూడా తను ఏమన్నాడో అతనికి తట్టలేదు.

"అవును," అంది మార్లిస్. "అయితే రేపటి నుంచి నాలుగింటికి దొడ్లోకి నువ్వే వెళ్ళు. తుపాకీ ఎవరి చేతికి కుదిరితే కాపలా వాళ్ళదే."

బాయిడ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. కొడుకు నిద్ర సంగతి ఎత్తింది ఆర్డిత్. కొత్తగా ఈనే వాటిని ఎలా చూడాలో తనకేం తెలుసని డెల్విన్ అన్నాడు. నాలుగు రోజులు చూస్తే అలవాటవుతుంది అంది మార్లిస్.

లోపలికి వచ్చి గిన్నెలు ముగించలేదు. తొట్టిలో వదిలేసింది. ఆరో నంబరు గొర్రె రేపో ఎల్లుండో ఈనుతుంది, దానికి ఎప్పుడూ కాన్పు కష్టమే. డెల్విన్ చేతుల్లో పిల్ల పోవచ్చు. ఈ భయంతోనే తను ప్రతి ఏడూ లేచింది, ఈ భయం ఉన్నంతకాలం ఇంకెవరూ లేవరు. మంచం పక్కన తన వైపున్న అలారం తీసి, ముల్లు నాలుగు మీదే ఉందో లేదో చూసి, తీసుకెళ్ళి అతని తలగడ పక్కన పెట్టింది.