పోయేటప్పుడు నాలుగ్గంటలు

అమ్మ కళ్లజోడు సర్దుకుని, విదేశంలో ఉన్న చిన్నకూతురి దగ్గరికి తీసిన విమానం టికెట్ చూస్తూ, వేళ్లు మడిచి లెక్క తేల్చేసింది. "పొద్దున పదింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగడమేగా! నాలుగ్గంటలు. దీనికా ఇన్నాళ్లు భయపడ్డాను? చెల్లెలు ఇంత దగ్గరుందని ఒక్క ముక్క చెప్పావు కాదే!"

పెద్దకూతురికి ఒళ్లు మండింది. ఆమె పని విమాన టికెట్ల ఆఫీసులో. దిగే టైము ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారని ప్రతివాళ్లకూ విడమరిచి చెప్పడం ఆమెకు అలవాటే. అమ్మకే ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. తను కొత్త ఫ్లాటులో చేరి ఏడాది దాటింది. బస్సెక్కితే అరగంట. అమ్మ ఇంతవరకూ గడప తొక్కలేదు. రమ్మంటే మోకాళ్లంటుంది. చెల్లెలి పేరెత్తేసరికి ఆ మోకాళ్లకే రెక్కలొచ్చాయి.

అమ్మ కాగితం తిప్పింది. "వచ్చేటప్పుడు చూడు, సాయంత్రం నాలుగింటికి ఎక్కించి మర్నాడు మధ్యాహ్నం మూడింటికి దించుతాడట! పోయేటప్పుడు దగ్గర, వచ్చేటప్పుడు దూరమా? దారి తప్పుతాడా ఏం?"

పెద్దదానికి నవ్వు రాలేదు. అమ్మ మనసులోని దూరాలనే ఎవరో టికెట్ మీద అచ్చేసినట్టుంది.

"అది అక్కడి టైమమ్మా. మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. నువ్వు గాల్లో ఉండేది పదమూడున్నర గంటలు. పన్నెండు వేల కిలోమీటర్లు. కాళ్లు చాపుకోడానికి జానెడు చోటుండదు." చెబుతుంటే కడుపు చల్లబడింది. ఇక మోకాళ్లు గుర్తొస్తాయిలే అనుకుంది.

అమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అంత దూరాన ఉందా పిచ్చిమొహం! తిరుగు టికెట్ ఇంకో నెల తర్వాతకి మార్చవే. అంత దూరం పోయి చుట్టపుచూపుగా నెలకే వచ్చేస్తే ఏం బావుంటుంది?"

"మా ఇల్లు అరగంటే," వద్దనుకుంటూనే అనేసింది.

"అరగంటలో ఉన్నదాని మీద బెంగెలా పెట్టుకోనే?"

"అయితే నేనూ ఎటో పోతా."

"పో. టికెట్లు నీ చేతిలోవేగా!"

మర్నాడు ఆఫీసులో పళ్లు కొరుకుతూనే తేదీ మార్చింది. సీటు మాత్రం కాళ్లు చాపుకోగలిగే వరుసలో, నడవ పక్కన వెతికి పట్టింది. అప్పుడు ఫోన్ చేసింది.

"ముందురోజు మా ఇంటికొచ్చి పడుకో. ఎయిర్‌పోర్టు మాకే దగ్గర."

"మీకా? ఇక్కడ మా డాబా మీదుగానే విమానాలు చక్రాలు బయటపెట్టుకుని దిగుతుంటాయి కదే!"

పెద్దది నాలుక కరుచుకుంది. అటువైపు అమ్మ గొంతు తగ్గించింది.

"సరేలే, దూరాల సంగతి నీకు తెలిసినట్టు నాకేం తెలుసు! లిఫ్టుందా?"

"ఉంది."

చెల్లెలికి రెండు నెలలు, తనకు ఒక్క రాత్రి. అయినా ఫోన్ పెట్టేసిన మరుక్షణం చెల్లెలికి మెసేజ్ కొట్టింది: "అమ్మ ముందు మా ఇంటికే వస్తోంది. ఆ తర్వాతే మీ ఇంటికి."