రింకోన్‌ని ఎందుకిచ్చారు?

"రాత్రంతా ఆలోచించాను. రింకోన్‌ని అమ్మేశారు, అంతే," అంటూ ఆంబ్రోస్ టిల్లరీ మా హోటల్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. టోపీ తియ్యలేదు. నన్ను పలకరించనూ లేదు.

"అమ్మలేదయ్యా, మార్చుకున్నారు," అంది లాటీ కాచ్మరెక్, కాఫీ కప్పు పెదవుల దగ్గర్నుంచి దింపకుండానే. "మంచి బేరం కూడాను."

ఆంబ్రోస్ ఆమె ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. "మంచి బేరమా! నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా?"

మా ఊరి బేస్‌బాల్ జట్టు బఫెలో మిల్లర్స్ ఆటలకి వాళ్లిద్దరూ ఎడమవైపు స్టాండ్స్‌లో పక్కపక్కన కూర్చోవడం ఎప్పుడు మొదలుపెట్టారో వాళ్లకే గుర్తులేదు. లాటీ స్కూలు బస్సు నడిపి రిటైరైంది. వెనక సీట్లో అల్లరి చేసే పిల్లల్ని అద్దంలో చూసి అదిలించిన ఆ గొంతు మాత్రం రిటైరవలేదు. ఆంబ్రోస్ కుర్రతనంలో ఉక్కు మిల్లులో పనిచేశాడు. అది మూతపడ్డాక పోస్టాఫీసులో చేరి ఉత్తరాలు పంచాడు. ఒకప్పుడు పేట జట్టులో క్యాచర్. అంటే బ్యాటు పట్టినవాడి వెనకాల మోకాళ్లు మడిచి కూర్చుని, వచ్చిన ప్రతి బంతినీ పట్టుకునేవాడు. ఆ పుణ్యమా అని ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి.

ఎవెలియో రింకోన్ కూడా క్యాచరే. వెనిజులా నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, మా ఊళ్లోనే జుట్టు నెరిసేదాకా ఆడాడు. మా జట్టు ఓడిన ఏళ్లలో, అంటే దాదాపు అన్నేళ్లూ, జనం మైదానానికి వచ్చింది అతని కోసమే. ఏటా జూలై ఆఖరుకి ఆటగాళ్లని మార్చుకునే గడువు ముగుస్తుంది. ఆంబ్రోస్ ఇలా వచ్చిన ముందురోజు సాయంత్రం ఆట మధ్యలో మేనేజర్ వచ్చి రింకోన్ భుజం మీద చెయ్యి వేశాడు. అతను కాళ్ల తొడుగులు విప్పేసి, తోటివాళ్లని ఒక్కొక్కరినీ కౌగిలించుకుని లోపలికి వెళ్లిపోయాడు. స్టాండ్స్‌లో ఉన్న మాకు విషయం అర్థమై లేచి నిలబడేసరికి మనిషి లేడు. తీసుకున్నది పోర్ట్‌లాండ్ లాగర్స్, ఆ ఏడు అందరికన్నా పైన నడుస్తున్న జట్టు. బదులుగా మాకొచ్చింది ఓవెన్ టర్లీ అనే పిచ్చర్, ఎడమచేత్తో బంతి విసిరేవాడు. వయసు ఇరవై రెండు. ఆ పేరు అంతకుముందు మాలో ఎవరం వినలేదు.

"రింకోన్‌కి ముప్పై ఆరేళ్లు," అంది లాటీ. "ఇంకో ఏడాది పోతే ఎవడిస్తాడయ్యా అతని బదులు ఎడమచేతి కుర్రాణ్ణి? గిరాకీ ఉన్నప్పుడే ఇచ్చుకోవాలి."

"గిరాకీయా! అతనేమన్నా నీ పాత బస్సు అనుకున్నావా?"

"నా పాత బస్సునీ ఇలాగే టైము చూసి మార్చారు. కొత్తదాంట్లో హీటరు పనిచేసేది."

కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆంబ్రోస్ నవ్వలేదు.

"స్టావ్, నువ్వు చెప్పు," అన్నాడు నా వైపు తిరిగి.

"నేను దుంపలు వేయిస్తున్నాను. మాడిపోతే మీరే తిడతారు," అన్నాను. ఆ ఇద్దరి మధ్యా దూరి బాగుపడినవాణ్ణి నేను చూడలేదు.

"సగం ఆటలో, అందరూ చూస్తుండగా," అన్నాడు ఆంబ్రోస్. గొంతు తగ్గింది. "అదెలా ఉంటుందో నాకు తెలుసు లాటీ. పొద్దున షిఫ్టుకని వెళ్తే మిల్లు గేటు దగ్గర ఆపి, లాకరు ఖాళీ చేసుకో అన్నారు. ఎందుకయ్యా అంటే ఒక్కడూ మొహం ఎత్తి చూడలేదు. మనిషిని పంపించే పద్ధతి అదేనా?"

లాటీ కప్పు కింద పెట్టింది. "మిల్లు నిన్ను రోడ్డు మీదికి పంపింది. వీళ్లు అతన్ని గెలిచే జట్టులోకి పంపారు. రెండూ ఒకటెలా అవుతాయి? ఇన్నేళ్లు ఆడాడు, ఛాంపియన్‌షిప్ ఆటలు జరిగే అక్టోబరు నెల వస్తే ఇంట్లో టీవీ చూస్తున్నాడు. మనం కట్టేసి ఉంచుకుంటే ప్రేమ, వదిలితే ద్రోహమా? ఇంకో మాట చెప్పనా? పోయినేడాది నుంచి, పరుగెత్తేవాణ్ణి ఆపడానికి రెండో బేస్‌కి అతను విసిరిన బంతి అందడం లేదు. దారిలో ఆగి టిఫిన్ చేసి మరీ వెళ్తోంది."

"నిజమే," అన్నారెవరో తలుపు దగ్గర్నుంచి.

నేనప్పటికే చూశాను. లాటీకి వీపు అటుంది. భుజాన సంచీ వేసుకుని రింకోన్ నిలబడి ఉన్నాడు. ఇంకొకరైతే నాలిక కరుచుకునేవాళ్లు. లాటీ వెనక్కి తిరిగి చూసి, పక్క కుర్చీ బయటికి లాగింది.

"రా బాబూ, కూర్చో. నీ గురించే మాట్లాడుకుంటున్నాం."

"వినపడిందమ్మా. వీధి చివరికి కూడా వినపడే ఉంటుంది," అని నవ్వుతూ కూర్చున్నాడు. "స్టావ్, ఎప్పుడూ తినేదే పెట్టు. మధ్యాహ్నం విమానం ఎక్కాలి."

ఆంబ్రోస్ బల్ల పట్టుకుని సగం లేచాడు. "ఆవిడ మాటలు పట్టించుకోకయ్యా. నిన్ను ఇలా సాగనంపడం దారుణం. ఊరు ఊరంతా నీ వైపే ఉంది."

రింకోన్ ఫోర్కుని అటూ ఇటూ తిప్పాడు. "సార్, మీకొకటి చెప్పాలి. పదేళ్లు ఆడి, అందులో చివరి ఐదేళ్లూ ఒకే జట్టుకి ఆడినవాణ్ణి, వాడు ఒప్పుకోకుండా పంపించడానికి లేదు. అది రూలు. నన్ను వారం కిందటే అడిగారు. నేను వద్దంటే అక్కడితో ఆగిపోయేది."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

"నువ్వే?"

"నేనే సార్."

ఆంబ్రోస్ మెల్లిగా మళ్లీ కూర్చున్నాడు. అప్పటిదాకా మేనేజర్ల మీదున్న కోపం ఎటు పోవాలో తెలియక అతని మొహంలోనే తచ్చాడుతోంది. లాటీ ఎగతాళి చేస్తుందని భయపడ్డాను. ఆమె జామ్ సీసా మూత తీసి ఆంబ్రోస్ ముందుకి జరిపింది.

"పొద్దున్నే మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగుతున్నాను," అన్నాడు రింకోన్. "మా ఆవిడ చూసి నవ్వుతుంది. ఈ ఊరు నాకు ఇల్లు సార్. ఇల్లు ఎక్కడికీ పోదు. మోకాళ్లే పోతున్నాయి. అవి పోయేలోపు ఒక్కసారి అక్టోబరులో ఆడాలి."

ఆంబ్రోస్ తన మోకాళ్లు నిమురుకున్నాడు. "నేనూ అలాగే దిగుతాను, వెనక్కి తిరిగి," అన్నాడు. తర్వాత మొండిగా, "మరి ఆ కుర్రాడో? ఆ టర్లీ? వాడెవడు?" అన్నాడు.

"మార్చిలో, సీజను మొదలవకముందు ప్రాక్టీసు ఆటలో నన్ను రెండుసార్లు ఔట్ చేశాడు. తీసుకుంటే వాణ్ణే తీసుకోండని మన వాళ్లతో చెప్పింది నేనే. నిన్న ఫోన్ చేసి మాట్లాడాను. సరస్సు మీంచి వచ్చే గాలి బంతిని ఎటు లాగుతుందో చెప్పాను. టిఫిన్ ఎక్కడ బాగుంటుందో కూడా చెప్పాను."

లాటీ అరచేత్తో బల్ల మీద చరిచింది. స్పూన్లు ఎగిరిపడ్డాయి. "విన్నావా ఆంబ్రోస్? బేరం చేసింది మేనేజర్లు కాదు, ఇతను!"

ఆంబ్రోస్ రింకోన్‌తో చెయ్యి కలిపాడు. క్షేమంగా వెళ్లిరమ్మన్నాడు. తన ప్లేటులో గుడ్లు ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆగస్టంతా అతను మైదానం గడప తొక్కలేదు. లాటీ మాత్రం ఒక్క ఆటా మానలేదు. పక్క సీటు మీద తన స్వెట్టరు పరిచేది. ఎవరైనా కూర్చోబోతే, "ఆయన బాత్రూముకి వెళ్లాడు, ఇప్పుడే వస్తాడు," అనేది. టర్లీ మొదటి ఆటలో బంతుల్ని ఎటుపడితే అటు విసిరి, తొమ్మిదింట్లో నాలుగో ఇన్నింగ్స్‌లోనే తిట్లు తింటూ బయటికి నడిచాడు. ఆ మర్నాడు ఆంబ్రోస్ హోటల్ తెరవకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లాటీకి ఆ మాట చెప్పడానికి.

"చూశావా నీ కుర్రాణ్ణి?"

"చూశాను. ఊరు కొత్త. నువ్వు కొత్త రూటులో ఉత్తరాలు పంచిన మొదటి రోజు సరిగ్గా పంచావా?"

"పంచాను!"

"అబద్ధం."

రెండో ఆట నుంచి టర్లీ కుదురుకున్నాడు. దాని గురించి ఆంబ్రోస్ ఏమీ అనలేదు. కానీ ఆట ఉన్న మర్నాడల్లా అతని దగ్గర సంగతులన్నీ ఉండేవి. అంటే ఇంట్లో కూర్చుని చూస్తున్నాడన్నమాట.

సెప్టెంబరులో ఒక ఆదివారం పోర్ట్‌లాండ్ మా ఊరికి వచ్చింది. టర్లీ బంతి వేస్తాడని ముందే తెలుసు. నేను హోటల్ కట్టేసి లాటీతో వెళ్లాను. మేము వెళ్లేసరికి ఆంబ్రోస్ తన సీట్లో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"బాత్రూములో బాగా ఆలస్యమైందే," అంది లాటీ.

"లైను పెద్దగా ఉంది," అన్నాడు ఆంబ్రోస్, కాయలు ఆమె వైపు జరిపి.

రెండో ఇన్నింగ్స్‌లో రింకోన్ పరాయి జట్టు చొక్కాతో బ్యాటు పట్టుకుని బయటికి వచ్చాడు. మైదానమంతా లేచి నిలబడింది. జూలైలో కొట్టలేకపోయిన చప్పట్లన్నీ అప్పుడు కొట్టాం. బంతి చేత్తో పట్టుకుని ఉన్న టర్లీ మా వైపు ఒకసారి చూసి, పిచ్చర్ దిబ్బ వెనక్కి దిగి, ఒక మోకాలి మీద కూర్చుని షూ లేసు విప్పాడు. తాపీగా కట్టుకున్నాడు. తర్వాత రెండోది విప్పాడు.

"వాడి లేసులు బాగానే ఉన్నాయి కదా," అన్నాను.

"నోరు మూసుకో స్టావ్," అన్నాడు ఆంబ్రోస్. "పెద్దాయన కోసం ఆగుతున్నాడు." టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. రింకోన్ హెల్మెట్ ఎత్తి నాలుగు వైపులా చూపించాడు. అప్పుడు గానీ ఆ కుర్రాడు లేవలేదు.

లేచి వేసిన మొదటి బంతినే రింకోన్ మా తలల మీదుగా గోడ అవతలికి కొట్టాడు.

ఆంబ్రోస్ పరాయి జట్టు హోమ్ రన్‌కి గొంతు చించుకుని అరిచాడు. "మంచి బేరమా లాటీ? ఇప్పుడు చెప్పు, మంచి బేరమా?"

"ఆట అయ్యాక అడుగు," అంది లాటీ చొక్కా మీద పడ్డ బీరు తుడుచుకుంటూ.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కి మిల్లర్స్ ఒక్క పరుగు ముందున్నారు. పోర్ట్‌లాండ్ వాళ్లు ఇద్దరు పరుగుకి సిద్ధంగా బేస్‌ల మీద ఉన్నారు. మళ్లీ రింకోన్ వచ్చాడు. మా మేనేజర్ పిచ్చర్‌ని మార్చేద్దామని మెట్ల దాకా వచ్చి, టర్లీ మొహం చూసి వెనక్కి వెళ్లిపోయాడు. కుర్రాడు వేశాడు, పెద్దాయన పక్కకి కొట్టాడు. మళ్లీ వేశాడు, మళ్లీ పక్కకే కొట్టాడు. అలా ఎన్ని బంతులో. లాటీ చెయ్యి వచ్చి ఆంబ్రోస్ మోచేతిని పట్టుకుంది. చివరికి టర్లీ వేసిన బంతి నేరుగా వస్తున్నట్టే వచ్చి, బ్యాటు దగ్గర చటుక్కున కిందికి జారింది. రింకోన్ బ్యాటు గాలిలో తిరిగింది. ఔట్. అతను దిబ్బ వైపు చూసి తలూపి నడిచి వెళ్లిపోయాడు.

లాటీ అతని మోచెయ్యి వదిలింది. ఆంబ్రోసే లేచాడు, దేన్నీ పట్టుకోకుండా. "అదీ బంతంటే!" అని అరిచాడు. "చూశావా స్టావ్ అది? వాణ్ణి ఇంకో పదేళ్లు ఎక్కడికీ పంపకూడదు!"

పోర్ట్‌లాండ్ అక్టోబరులో ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయింది. ఆ ఆటలన్నిటికీ క్యాచర్ రింకోనే. అన్నీ మా హోటల్లో టీవీ పెట్టుకుని చూశాం. మిల్లర్స్ నాలుగో స్థానంలో మిగిలారు. వచ్చే ఏడు టర్లీతో పైకి వెళ్తామని లాటీ అప్పుడే ఊరంతా చెబుతోంది. ఆమె చెప్పే తీరు చూస్తే నాకూ నమ్మకం కుదిరింది.

"బేరం మంచిదే," అని ఆంబ్రోస్ నిన్న పొద్దున ఒప్పుకున్నాడు, టోస్టుకి వెన్న రాస్తూ. "కానీ మనవాళ్లకి అడగడం రాదు. టర్లీతో పాటు ఇంకొకణ్ణి కూడా అడగాల్సింది. ఇచ్చేవాళ్లు."

"ఛస్తే ఇచ్చేవాళ్లు కాదు," అంది లాటీ, కుర్చీ ముందుకి లాక్కుని.