ఖాళీగా వచ్చిన సగం పేజీ

గురువారం పొద్దున పదకొండు కల్లా పేజీలు కిందికి దిగాలి. ఆ వారపత్రిక పుట్టినప్పటి నుంచీ అదే రివాజు. పైన రాసేవాళ్ళు ఎంత కొట్టుకు చచ్చినా పదకొండుకి అచ్చు ప్లేట్లు మిషన్ గదిలో ఉండాల్సిందే. అక్కణ్ణుంచి పెత్తనం సిరా బాబాయిది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మిషన్ తిప్పుతున్నాడు. గోళ్ళ సందుల్లోని నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు కనక ఆ పేరు మిగిలిపోయింది. మొదటి వంద కాగితాలూ రంగు కుదిరేదాకా చెత్తలోకి పోతాయి. ఆ తరవాత ఒకటి తీసి, కిటికీ వెలుతురులో భూతద్దం పెట్టి చూసి, మూలన పెన్సిల్‌తో గీత పెడతాడు. గీత పడిందంటే పత్రిక ఊళ్ళోకి పోయినట్టే. పైవాళ్ళెవరూ మళ్ళీ చూడరు. పత్రిక పెట్టిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ చూసేవాడు. ఆయన పోయాక యజమాని అయిన కొడుక్కి, మెట్లు దిగితే చొక్కాకి మరకవుతుందని బెంగ.

ఆ గురువారం బాబాయి పెందలాడే వచ్చి కూచున్నాడు. ఆ వారం మొదటి పేజీలో పడబోయేది మామూలు వార్త కాదు, అతని బావ బతుకు.

బావ అంటే చెల్లెలి మొగుడు. ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే పని. నోట్లో నాలుక లేని మనిషి. నెల కిందట తూర్పు వీధుల్లో కుళాయి నీళ్ళు తాగి నలభై మంది మంచాన పడ్డారు, ముగ్గురు పోయారు. ఊరు గగ్గోలెత్తింది. ఎవడో ఒకడు దొరకాలి కదా! మున్సిపల్ ఛైర్మన్ మైకు ముందు కళ్ళొత్తుకుని, వాల్వు మనిషి తాగి పడుకుని నీళ్ళలో క్లోరిన్ మందు కలపలేదని చెప్పేశాడు. జన్మలో చుక్క ముట్టనివాణ్ణి పట్టుకుపోయి లోపల వేశారు. ఛైర్మన్ మాటల్ని ఈ పత్రికే పెద్ద అక్షరాలతో వేసింది. ఆ ప్లేటు బిగించిందీ బాబాయే. బావ తన చేతుల మీదుగానే ఏడు వేల కాపీల్లో తాగుబోతు అయ్యాడు.

అసలు సంగతి తవ్వి తీసింది ఈ పత్రికలోనే పనిచేసే విలేకరి పిల్ల. నీళ్ళ గొట్టం మురుగు కాలవలో పగిలి ఏడాదైంది. బావ దాని గురించి ఛైర్మన్ ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాడు. ముట్టినట్టు సీలు వేయించుకున్న నకళ్ళు ఇంట్లో ఉన్నాయి. ఆఫీసు ఫైల్లో మాత్రం ఒక్కటీ లేదు, కాబట్టి నకళ్ళు దొంగవన్నారు. సీలు వేసిన గుమాస్తా పిల్లతో తెగేసి చెప్పాడు: "పేపర్లో పడనీ అమ్మా, సోమవారం కోర్టుకొచ్చి ఆ సీలు నాదేనని చెప్తా. ఊరంతటికీ తెలిశాక నన్నొక్కణ్ణీ ఏం చేస్తారు? పడలేదనుకో, నువ్వెవరో నాకు తెలీదు."

ఆదివారం ఊరి ఎన్నికలు. సోమవారం కోర్టులో బావ బెయిలు విచారణ.

పదిన్నరకి ఆ పిల్ల మెట్లు దిగి వచ్చింది. మొహం చూడగానే బాబాయికి అర్థమైంది.

"తీసేశారా?"

"ఛైర్మన్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది బాబాయ్. ప్లేటు కూడా వంచి పారేశారు. ఆ జాగాలో ఛైర్మన్ ప్రకటన, సగం పేజీ. మీ దాహం నా బాధ్యత అని."

బాబాయి మెట్లెక్కాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో పిలవకుండా పైకెళ్ళడం అదే మొదలు.

"వచ్చే వారం వేద్దాంలే బాబాయ్," అన్నాడు యజమాని, తల ఎత్తకుండానే.

"వచ్చే వారానికి ఓట్లయిపోతాయి కదయ్యా."

"అందుకే."

"మా బావని తాగుబోతని వేసినప్పుడు వారం ఆగలేదే?"

"చూడు, రేపు వాళ్ళు కరెంటు పీకేస్తే మిషన్ నోటితో తిప్పుతావా? ముందు మనం బతికుండాలి. బతికుంటే నిజం ఎప్పుడైనా రాసుకోవచ్చు."

"నిజానికి తొందరేం లేదు బాబూ, లోపలున్నవాడికే," అని బాబాయి దిగి వచ్చేశాడు.

కింద ప్రకటన ప్లేటు బల్ల మీద ఉంది. ఛైర్మన్ గారి నవ్వు వెడల్పు జానెడుంది. దాన్ని చూస్తుంటే బాబాయికి తను చేరిన ఏడాది గుర్తొచ్చింది. అప్పట్లో ప్రతి పేజీ అచ్చుకి ముందు ఒక సర్కారు అధికారికి చూపించాలి. ఆయన కొట్టేసిన వార్త జాగాలో పెద్దాయన ఏమీ నింపకుండా తెల్లగా వదిలేసేవాడు. జనం నడివీధిలో నిలబడి ఆ తెలుపుని చదివారు! చదివి పళ్ళు నూరారు. అలా మొదటిసారి వదిలిన వారం కాపీలు చాలక మళ్ళీ అచ్చు వేశారు.

వార్త వెయ్యడం బాబాయి చేతిలో లేదు. అబద్ధాన్ని చెరపడం ఉంది. ప్లేటు మీద మచ్చలు పోగొట్టే మందు సీసా తీసి, గుడ్డ తడిపి, రుద్దడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?" అంది పిల్ల.

"మచ్చ తుడుస్తున్నా."

"ఇంత మచ్చా?"

"పళ్ళు కూడా ఉన్నాయి దీనికి. కాస్త టైం పడుతుంది."

పిల్ల చాలారోజులకి నవ్వింది. పన్నెండింటికి మిషన్ తిరిగింది. పత్రిక పేరు, దాని కింద సగం పేజీ మల్లెపువ్వంత తెలుపు. బాబాయి గీత పెట్టాడు. కట్టలు బండెక్కాయి.

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని బస్టాండు దగ్గర పేపర్ల కొట్టుకి వెళ్ళాడు. జనం ఏమంటారో చెవులారా వినాలని.

"రావయ్యా సిరా బాబాయ్!" అని కేకేశాడు కొట్టువాడు. "సిరా అయిపోయిందా, నీకు కునుకు పట్టిందా? సగం అచ్చే పడలేదు. నాలుగు కట్టలు వెనక్కి పంపేశా. మంచివి పంపమను."

"అది తప్పు కాదు. కావాలనే వదిలింది. అక్కడొక వార్త ఉండాలి. తీసేశారు."

"ఎవరు తీశారు?"

"మా వాళ్ళే."

పక్కన కాపీ మడుస్తున్న ముసలాయన కళ్ళజోడు పైకి తోశాడు. "మీ వార్త మీరే తీసేసి ఖాళీ కాగితం మాకు అమ్ముతారా? బాగుందయ్యా వ్యాపారం. ఏముండేదో కలగని తెలుసుకోమంటావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

అప్పుడు తెలిసింది బాబాయికి తన తప్పు. ఆ రోజుల్లో కోసేవాడు కుర్చీ వేసుకుని ఊరందరికీ కనబడుతూ కూచున్నాడు. అందుకే తెలుపులో గాయం కనబడింది. ఇప్పుడు కత్తి పత్రిక జేబులోనే ఉంది. దెబ్బ తగిలిందని తెలియనివాడికి నెత్తురేం కనబడుతుంది? ఈ ఊళ్ళో పత్రికలకి పూర్తి స్వేచ్ఛ ఉందని జనం నమ్మకం. అందుకని ఖాళీ కనబడితే మిషన్ చెడిందనుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా, కొరుకుతున్నావా అనైనా అడుగుతాడు!

పదకొండింటికి పిల్ల గుమాస్తా దగ్గరికి పోయి వచ్చింది. "పడలేదుగా," అని కిటికీ వేసేసుకున్నాడట.

మధ్యాహ్నం యజమాని పైకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. అక్కడే భయం వేసింది బాబాయికి.

"నిన్ను మానిపించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ముసలి మిషన్ నీ మాట తప్ప వినదు. రేపు ప్రత్యేక సంచిక. ఛైర్మన్ గారి ఫొటో పేజీ నిండా, పైన మన క్షమాపణ. మిషన్ మనిషి నిర్లక్ష్యం వల్ల అని ఉంటుంది. తాగి ఉన్నాడని రాయమన్నారు, నేనే బతిమాలి తీయించాను. ఆ మేలు గుర్తుంచుకో."

"నేను చెయ్యను."

"ఆలోచించుకో. మీ బావ జీతం ఆగిపోయింది. మీ చెల్లెలు నీ ఇంట్లోనే ఉందట కదా."

ఇంటికెళ్ళేసరికి చెల్లెలు గుమ్మంలోనే కూచుని ఉంది. ఒళ్ళో ఆ పత్రిక. పిల్ల వచ్చి అంతా చెప్పి పోయిందట.

"అన్నయ్యా, నువ్వు మంచికే చేశావు. కానీ ఈ తెల్ల కాగితం జడ్జిగారికి చూపిస్తే వదిలేస్తారా?"

"లేదమ్మా."

"మరి ఆ నవ్వు మొహం ఉంటేనేం, లేకపోతేనేం?"

బాబాయి చెప్పులు విప్పాడు. "పని మానేస్తున్నా. నా చేత్తో ఆ క్షమాపణ వెయ్యను."

చెల్లెలు గబుక్కున లేచి అతని చెయ్యి పట్టుకుంది. "అంత మాటనకు అన్నయ్యా! నీకు దణ్ణం పెడతా. ఆయన లోపల, నువ్వు రోడ్డు మీద, నేనెక్కడికి పోను? వాళ్ళేం వెయ్యమంటే అది వెయ్యి. ఒకడి జీతం పోయింది చాలదూ ఈ కొంపకి!"

శనివారం పొద్దున పిల్ల తన సంచీ తీసుకుపోవడానికి వచ్చింది. మిషన్ గది గుమ్మంలో ఆగింది.

"నేను మానేశా. నువ్వూ వచ్చెయ్ బాబాయ్."

"నువ్వు పోమ్మా. నీకు రాయడం వచ్చు, ఎక్కడైనా బతుకుతావు. నాకు వచ్చిందల్లా, ఇచ్చింది అచ్చు వెయ్యడం."

పిల్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బాబాయి ప్లేటు బిగించి మిషన్ తిప్పాడు. మొదటి కాగితాల్లో ఛైర్మన్ మొహం నీలం ఎక్కువై శవంలా వచ్చింది. అలా వదిలేసినా ఎవరూ అడగరు, ముసలి మిషన్ అనుకుంటారు. అతని చెయ్యి మాత్రం ఊరుకోలేదు. నీలం ఒక పిసరు తగ్గించింది, ఎరుపు కాస్త పెంచింది. మొహం కళకళలాడుతూ వచ్చింది.