తివాచీ మీద అక్షరాభ్యాసం

పాపక్క మళ్లీ వరండాలోకి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. చేయి పట్టుకుని వెంట వచ్చిన మనవరాలు సింధూజకు ఊపిరితో పాటు పిల్లికూతలు వస్తున్నాయి.

పుంగనూరులోని ఆ ప్రైవేటు బడిలో పాపక్క ఆయా. అందుకే సింధూజకు ఫీజు లేని సీటు దొరికింది. ఆ రోజు శ్రీపంచమి, పిల్లలకు అక్షరాభ్యాసం. కొత్త హాల్లో నైలాను తివాచీని ముందురోజు సాయంత్రమే బంకపూసి అంటించారు. బంక ఆరేదాకా వారం పాటు కిటికీలు తెరిచి ఉంచమని బెంగళూరు పనివాళ్లు చెప్పి వెళ్లారు. పంచమి వారం ఆగదు కదా! పైగా దీపం కొండెక్కకూడదని కిటికీలన్నీ బిగించారు. దీపానికి గాలి తగలకూడదన్న భక్తి మంచిదే. దాని ముందు కూర్చునే పసివాళ్లకు గాలి అక్కర్లేదా అని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ముహూర్తం దాటిపోతాండాది, ఈడేం జేస్తాండావు?" బడి యజమాని భీమరావు అరిచాడు.

"లోపల ఊపిరాడలేదు సార్. కంబళ్లు పరుద్దామని ఆపొద్దే సెప్తి. తంబళ్లపల్లెలో గొర్రిబొచ్చుతో నేసి, చింతగింజల గంజి పెడతారు. గబ్బుండదు."

"గొర్రెల దొడ్డనుకుంటివా ఇది? కొత్త చీరకు మాత్రం వాసనుండదా?"

"కొత్త చీర కట్టుకుంటే దగ్గు రాదు సార్."

తల్లిదండ్రుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "వాసనే గదమ్మా, ఇంకో రొండు ఊదొత్తులు ముట్టిస్తే పోతాది," అన్నాడొకాయన. ముట్టించారు. పిల్లలంతా దగ్గసాగారు.

పాపక్క గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసింది. అక్షరాభ్యాసం చేయించే అయ్యవారు తివాచీ మీద తన కంబళి మడిచి వేసుకుని కూర్చున్నాడు.

"సామీ, మీరు యాల కంబళేసుకున్నారు?"

"మడికి ఉన్నే మంచిది తల్లీ. ఈ నైలాను మీద జపం ఫలించదు."

"మీ జపానికి పనికిరానిది మా బిడ్డల సదువుకు యెట్ల పనికొస్తాది సామీ?"

అయ్యవారు కంబళి మడత సర్దుకున్నాడు. భీమరావు ముఖం ఎర్రబడింది.

"నోరు పెద్దదైపోయిందే! రేపట్నుంచి నువ్వూ రావద్దు, నీ మనవరాలూ రావద్దు."

పాపక్క సింధూజను దగ్గరకు లాక్కుంది. "రేపటి మాట రేపు సార్. ఈ పొద్దు మాత్రం దీన్ని ఆ గదిలోకి పంపను."

సంచిలోంచి తన పాత కంబళి తీసి వరండాలో పరిచింది. సింధూజను కూర్చోబెట్టి, ఎదురుగా బియ్యప్పళ్లెం పెట్టింది. లోపలి నుంచి ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని వచ్చి, కంబళి అంచున నిలబడింది. కూర్చోలేదు, వెనక్కీ వెళ్లలేదు.

అక్షరం రాని పాపక్క మనవరాలి వేలు పట్టుకుని బియ్యంలో ఆనించింది. ఏం రాయించాలో తెలియదు. వేలు మాత్రం వదల్లేదు.